రేసుకారు చక్రం ఎంత తేలికగా ఉండాలి?

క్రోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు పత్తి బోరేలు, మిరప బస్తాలు ట్రాక్టర్ల మీదే వెళుతున్నాయి. అయినా ఏ పశువులపాక గోడకో, ఏ చింతచెట్టు మొదలుకో పాత ఎద్దుబండి చక్రం ఒకటి ఆనించి ఉండవచ్చు. కనిపిస్తే దాన్ని శ్రద్ధగా చూడండి. మధ్యలో లావుపాటి కుండ ఉంటుంది. కుండలోనుంచి అంచు వరకు ఆకులు ఉంటాయి. ఆకుల చివర వంపు తిరిగిన చెక్కలు, ఆ చెక్కలన్నిటినీ బిగించి పట్టుకుని ఇనుప పట్టా ఉంటాయి.

ఈ చక్రాన్ని వడ్రంగి ఒకే చెక్కదిమ్మతో ఎందుకు చెయ్యలేదు? ఆకుల మధ్య అంత ఖాళీ ఎందుకు వదిలాడు? దిమ్మచక్రమైతే ఎద్దులకు బరువు. మరీ సన్నని ఆకులైతే గతుకులో పడగానే విరుగుతాయి. బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. వడ్రంగి ముందున్న ఈ సమస్యే రేసుకారు చక్రాన్ని తయారుచేసే ఇంజనీరు ముందు కూడా ఉంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. ఆ కార్ల వెనుక పెద్ద పెద్ద కంపెనీలు, వందలాది ఇంజనీర్లు ఉంటారు. అయితే రేసుకార్ల ప్రపంచంలో ఉన్నది వాళ్ళొక్కరే కాదు. సొంత డబ్బుతో, సొంత చేతులతో కారు తయారుచేసుకుని పోటీకి వచ్చే ఔత్సాహికులు కూడా ఉన్నారు. మన దక్షిణదేశంలో ఇందుకు పేరుపొందిన ఊరు కోయంబత్తూరు. తరాల క్రితం అక్కడికి వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో నూలుమిల్లులు స్థాపించాయి. అలాంటి ఒక మిల్లు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్‌కు రేసుకార్లంటే ప్రాణం. విదేశీ కారు కొనే స్తోమత లేని యువకులకు కూడా పోటీలు అందుబాటులోకి రావాలని ఆయన మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు రేసుకారును రూపొందించారు. దాని పేరు ఫార్ములా మారుతి. కరివర్ధన్ 1995లో కన్నుమూశారు. ఆయన పేరుతోనే కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాట వెలసింది. ఇంజనీరింగు విద్యార్థులు తామే తయారుచేసిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్ అక్కడే జరుగుతూ వస్తోంది.

ఇలాంటి చిన్న కారుకు చక్రాలు ఎంచుకోవలసి వస్తే మీరేం చేస్తారు? అంగట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా తేలికైనవి కొంటారా? తొందరపడకండి. ముందు చక్రం బరువు గురించి కొంచెం లెక్క వేద్దాం.

గాజు, స్ట్రయికరు పందెం

ఒక మీటరు పొడవున్న నున్నని పలకను తీసుకోండి. ఒక చివర కింద ఇటుక పెట్టి వాలుగా అమర్చండి. ఒక ప్లాస్టిక్ గాజును, ఒక కేరమ్స్ స్ట్రయికరును పైచివర అంచుమీద నిలబెట్టి, వాటి ముందు స్కేలు అడ్డం పెట్టండి. స్కేలును ఒక్కసారిగా తీసెయ్యండి. రెండూ దొర్లుతాయి. ఏది ముందు కిందికి చేరింది?

ఎన్నిసార్లు చేసినా స్ట్రయికరే గెలుస్తుంది. గాజుకు సుమారు 15 శాతం ఎక్కువ సమయం పడుతుంది. బరువైన గాజు తెచ్చినా, పెద్ద గాజు తెచ్చినా ఫలితం మారదు. కారణమేమిటి?

దొర్లే వస్తువు రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఒకటి ముందుకు పోవడం, రెండోది తనచుట్టూ తాను తిరగడం. రెండింటికీ శక్తి కావాలి. ముందుకు పోవడానికి కావలసిన గతిజశక్తి ½mv² అని మీరు చదువుకున్నారు. గాజులో పదార్థమంతా అంచులోనే ఉంది. గాజు v వేగంతో ముందుకు పోతుంటే అంచులోని ప్రతి కణమూ కేంద్రం చుట్టూ అదే v వేగంతో తిరుగుతుంది. కాబట్టి తిరగడానికి ఇంకొక ½mv² కావాలి. మొత్తం mv² అయింది. అంటే అంచులో ఉన్న 1 కిలోకు వేగం ఇవ్వాలంటే, కారులో కదలకుండా కూర్చున్న 2 కిలోలకు ఇచ్చినంత శక్తి ఇవ్వాలి!

స్ట్రయికరులో పదార్థం కేంద్రం నుంచి అంచు దాకా పరచుకుని ఉంది. లోపలి కణాలు నెమ్మదిగా తిరుగుతాయి. అందుకే దాని 1 కిలో 1½ కిలోలతో మాత్రమే సమానం. కేంద్రం నుంచి పదార్థం ఎంత దూరంలో ఉందన్నదాన్ని లెక్కలోకి తీసుకునే రాశిని జడత్వ భ్రామకం అంటారు. పై తరగతుల్లో దీన్ని గురించి వివరంగా చదువుకుంటారు.

ఇప్పుడు నిజమైన చక్రాన్ని చూద్దాం. మారుతి 800 కారు టైరు పక్కన 145/70 ఆర్ 12 అని అచ్చువేసి ఉండేది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం. ఆర్ అంటే రేడియల్ టైరు. 12 అంటే లోహచక్రం వ్యాసం, అంగుళాల్లో. లెక్క వెయ్యండి. గోడ ఎత్తు 145 × 0.70 = 101.5 మి.మీ. పైన, కింద కలిపి 203. చక్రం వ్యాసం 12 × 25.4 = 304.8 మి.మీ. మొత్తం 507.8 మి.మీ., అంటే సుమారు 51 సెం.మీ.

టైరు బయటి వ్యాసార్థం 25.4 సెం.మీ. అయితే లోహపు అంచు వ్యాసార్థం 15.2 సెం.మీ. మాత్రమే. ఈ రెంటి నిష్పత్తి 0.6, దాని వర్గం 0.36. కనుక టైరు తొక్కులోని 1 కిలో దాదాపు 2 కిలోలతో సమానమైతే, లోహపు అంచులోని 1 కిలో 1.36 కిలోలతో సమానం. కుండ దగ్గరి 1 కిలో 1 కిలోకన్నా కొద్దిగా మాత్రమే ఎక్కువ. చూశారా! చక్రం బరువు ఎంత అని అడిగితే చాలదు, ఆ బరువు ఎక్కడుంది అని కూడా అడగాలి.

డ్రైవరుతో కలిపి 500 కిలోలున్న కారు ఒకటి ఉందనుకోండి. ఒక్కొక్క చక్రం అంచులో 2 కిలోలు తగ్గించాం. నాలుగింటికి 8 కిలోలు. కాని కారుకు తగ్గినట్లు అనిపించేది 8 × 1.36, అంటే సుమారు 11 కిలోలు. ఇంజను మారకుండానే త్వరణం సుమారు 2 శాతం పెరిగింది. ఇది గొప్ప లాభమేమీ కాదనిపిస్తోంది కదూ? నిజమే. తేలిక చక్రం వల్ల ఇంతకన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది.

రేగడిచేలో నడక

వానపడ్డాక నల్లరేగడి చేలో నడిచారా? నాలుగడుగులు వేసేసరికి కాళ్ళకు బంకమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఒక్కొక్క కాలికి కిలో మట్టి అంటితే చాలు, అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టమవుతుంది. అదే 2 కిలోల బరువును నెత్తిన పెట్టుకుంటే మనకు లెక్కే ఉండదు. ఎందుకంటే నెత్తిన ఉన్న బరువు నిలకడగా సాగిపోతుంది. కాలికి ఉన్న బరువును మాత్రం అడుగడుగునా ఎత్తాలి, ఆపాలి, దించాలి.

కారులో స్ప్రింగుల పైన ఉన్న బరువు నెత్తిమీది బరువులాంటిది. చక్రం, టైరు, బ్రేకు వంటివి స్ప్రింగుల కింద ఉంటాయి. అవి కాలికంటిన మట్టిలాంటివి. బాటమీద చిన్న ఎత్తు తగిలితే చక్రం పైకి లేస్తుంది. బరువైన చక్రం కిందికి దిగిరావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ క్షణంలో టైరుకు నేలమీద పట్టు ఉండదు. పట్టు లేనప్పుడు బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా ఫలితముండదు. తేలిక చక్రం వెంటనే నేలను తాకుతుంది. మలుపులో కారు బాటను వదలకుండా ఉండడానికి ఇది ఎంతో అవసరం.

ఏ లోహంతో చెయ్యాలి?

ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతాయి. అయితే అల్యూమినియం వంగకుండా నిలబడే గుణం ఉక్కులో మూడోవంతే. బరువూ మూడోవంతే, బిగువూ మూడోవంతే. ఇక లాభమేమిటి?

ఇక్కడే ఒక చమత్కారం ఉంది. రేకును వంచడానికి కావలసిన బలం దాని మందం మీద ఘనపు లెక్కలో ఆధారపడుతుంది. మందం రెట్టింపయితే వంచడం ఎనిమిది రెట్లు కష్టం. ఒకే బరువున్న ఉక్కు పలక, అల్యూమినియం పలక తీసుకుంటే అల్యూమినియం పలక 2.9 రెట్లు మందంగా ఉంటుంది. 2.9ని మూడుసార్లు గుణిస్తే సుమారు 24. దాన్ని మూడుతో భాగిస్తే 8. అంటే అదే బరువుకు అల్యూమినియం పలక సుమారు 8 రెట్లు బిగువుగా ఉంటుంది. అందుకే ఉక్కు చక్రం పల్చని రేకుతోనూ, అల్యూమినియం చక్రం లావుపాటి ఆకులతోనూ కనిపిస్తాయి.

1924లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగిన గ్రాండ్ ప్రి పోటీకి బుగాటి కంపెనీ తన టైప్ 35 కారును తెచ్చింది. దానికి అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోసిన ఎనిమిది ఆకుల చక్రాలున్నాయి. నేటి అల్లాయ్ చక్రాలకు అవి పూర్వీకులని చెప్పవచ్చు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తే పోత చక్రం. ఇది చవక. కాని లోపల సూదిమొనంత గాలిబుడగలు మిగిలిపోవచ్చు. వేడిచేసిన లోహపు దిమ్మను భారీ ప్రెస్సు కింద అణచి చేస్తే ఫోర్జింగు చక్రం. లోహం దట్టంగా, గట్టిగా తయారవుతుంది కనుక పల్చగా చెయ్యవచ్చు. ధర మాత్రం చాలా ఎక్కువ.

మెగ్నీషియం ఇంకా తేలిక. కాని దానితో జాగ్రత్త. తేమకు, ఉప్పుగాలికి త్వరగా చెడిపోతుంది. ఒకసారి అంటుకుంటే కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగుతో మండుతుంది. నీళ్ళు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. 1955లో ఫ్రాన్సులోని లెమాన్ పోటీలో జనం మధ్యకు దూసుకుపోయిన మెర్సిడెస్ కారు పైతొడుగు మెగ్నీషియం మిశ్రమలోహమే. ఆ ప్రమాదంలో 80 మందికి పైగా మరణించారు.

ఔత్సాహికుడికి ఉక్కు చక్రం అవమానమేమీ కాదు. బరువు ఎక్కువే. కాని దెబ్బ తగిలితే ఉక్కు ముందు వంగుతుంది. చూసి తెలుసుకోవచ్చు. పోత అల్యూమినియం వంగకుండా పగులు తీస్తుంది. ఆ పగులు మొదట్లో వెంట్రుకకన్నా సన్నగా ఉంటుంది.

కొనేముందు ఏం చూడాలి?

బరువు చూడడం చివరి పని. అంతకుముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చక్రం మోయగల భారం ఎంత? దాన్ని చక్రం మీదే అచ్చువేస్తారు. అచ్చులేని చక్రం జోలికి పోవద్దు. బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం కారుకు సరిగ్గా సరిపోతాయా? కొంచెం తేడా ఉన్నా నట్టు బిగుసుకున్నట్లే ఉండి, తరువాత వదులవుతుంది. లోపల బ్రేకుకు చోటుందా? చక్రం ఇరుసు నుంచి మరీ బయటికి జరుగుతుందా? బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీద బలభ్రామకం పెరుగుతుంది. చేదబావి ఏతాన్ని గుర్తుచేసుకోండి. ఏతాం పొడవు పెరిగితే అదే బరువు ఎక్కువ పని చేస్తుంది కదా!

ఇంజనీరింగు విద్యార్థుల కార్లలో 10 అంగుళాల చక్రాలూ, 13 అంగుళాల చక్రాలూ కనిపిస్తాయి. 10 అంగుళాలది తేలిక. కాని దానిలోపల బ్రేకు బిళ్ళ చిన్నదే పడుతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు అని తేల్చుకోవడమే ఎంపిక.

లోహం అలసిపోతుంది

కట్టుడు తీగను ఒక్కసారి వంచితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచండి, పుటుక్కున తెగిపోతుంది. చివరిసారి మీరు వేసిన బలం మొదటిసారి వేసినంతే. మరి ఎందుకు తెగింది? ప్రతి వంపుకూ లోపల చిన్న చిన్న పగుళ్ళు పెరుగుతూ వచ్చాయి. దీన్ని లోహపు అలసట అంటారు.

చక్రం తిరిగేటప్పుడు ప్రతి ఆకూ కిందికి వచ్చినప్పుడు ఒకరకమైన బలానికి, పైకి పోయినప్పుడు వేరొకరకమైన బలానికి లోనవుతుంది. మన 51 సెం.మీ. చక్రం చుట్టుకొలత 1.6 మీటర్లు. కిలోమీటరుకు 625 చుట్లు. 100 కిలోమీటర్లు పరుగెత్తితే 62,500 చుట్లు! ఉక్కు విషయంలో బలం ఒక హద్దుకు లోబడి ఉంటే ఎన్ని చుట్లు తిరిగినా అలసట రాదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న బలమైనా కోట్లసార్లు పడితే పగులు పుట్టవచ్చు. అందుకే జాగ్రత్తగల పోటీదారు ప్రతి చక్రానికి ఒక నంబరు వేసి, అది ఎన్ని పోటీల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

ప్రతి పోటీ తరువాతా చక్రాన్ని విప్పి కడగాలి. మురికి కింద పగులు దాక్కుంటుంది. బోల్టు రంధ్రాల చుట్టూ, ఆకులు అంచును కలిసేచోట, లోపలివైపు కూడా మంచి వెలుతురులో చూడాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా? విప్పిన చక్రాన్ని కూడా అలా మెల్లగా తట్టి, మిగతావాటి శబ్దంతో పోల్చవచ్చు. మందకొడిగా మోగితే అనుమానించాలి. బాగా మోగినంత మాత్రాన నమ్మకూడదు. నమ్మదగిన పరీక్ష వేరే ఉంది. చక్రానికి పల్చని ఎర్ర ద్రవం పూస్తారు. అది పగుళ్ళలోకి ఇంకుతుంది. పైన తుడిచి తెల్లపొడి చల్లితే, పగులులోని ఎరుపు పొడిలోకి పీల్చుకుని గీతలా కనిపిస్తుంది. దీపపు వత్తి నూనెను పీల్చే కేశాకర్షణమే ఇక్కడా పనిచేస్తోంది.

పగిలిన అల్లాయ్ చక్రాన్ని వెల్డింగు చేయించి మళ్ళీ పరుగెత్తించవచ్చా? వద్దు. ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా వేడిచేసి, చల్లార్చి ఆ లోహానికి బలం తెప్పిస్తారు. వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల బలం పోతుంది. పైకి అతుకు బాగానే కనిపిస్తుంది.

నట్లు బిగించడానికీ శాస్త్రముంది. చక్రాన్ని పట్టి ఉంచేది బోల్టు మాత్రమే కాదు, బిగింపు వల్ల చక్రానికీ ఇరుసుబిళ్ళకూ మధ్య పుట్టే ఘర్షణ. ఆ రెంటి మధ్య మట్టిగాని, రంగు పొరగాని ఉంటే పరుగులో అది అణిగి, బిగింపు సడలుతుంది. నట్లను వరుసగా కాక, ఒకదాని తరువాత దాని ఎదుటిదాన్ని బిగించాలి. ఎంత బిగించాలో తయారీదారు చెబుతాడు. ఉదాహరణకు 100 న్యూటన్-మీటర్లు అని ఉంటే, అర మీటరు పానా చివర 200 న్యూటన్లు, అంటే సుమారు 20 కిలోల బరువుతో సమానమైన బలం వెయ్యాలి. పానా మీద ఎక్కి తొక్కితే బోల్టు సాగిపోతుంది. అది కూడా ప్రమాదమే. బలాన్ని కొలిచి చూపే పానాలు దొరుకుతాయి. కొద్దిదూరం నడిపాక మరోసారి బిగింపు సరిచూడాలి.

గాలి విషయం మరవకండి. టైరు చల్లగా, 27 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గేజి 1.4 వాతావరణాలు చూపిందనుకోండి. గేజి చూపేది బయటి పీడనాన్ని మించి ఉన్నదాన్నే. కాబట్టి అసలు పీడనం 2.4. పరుగులో టైరు 87 డిగ్రీలకు వేడెక్కితే, పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 360కి చేరుతుంది. పీడనం 2.4 × 1.2 = 2.88 అవుతుంది. గేజి 1.88 చూపుతుంది. అందుకే గాలిని ఎప్పుడూ ఒకే స్థితిలో, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

పందెం మానుకున్న 14 కార్లు

కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ 1990లలో ఫార్ములా మారుతి కార్లతో పోటీలు మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పోటీ. అంతకు రెండు రోజుల ముందు అభ్యాసంలో, ఏటవాలుగా కట్టిన వేగపు మలుపులో ఒక కారు వెనుక టైరు విఫలమై గోడను ఢీకొంది. ఆ టైర్లు తయారుచేసిన మిషెలిన్ కంపెనీ, ఆ మలుపులో అదే వేగంతో పోతే తమ టైర్లకు భద్రత లేదని తేల్చింది. వేలాదిమంది చూస్తుండగా ఆ టైర్లున్న 14 కార్లు పోటీ మొదలుకాకముందే తప్పుకున్నాయి. వేరే కంపెనీ టైర్లున్న 6 కార్లే పరుగెత్తాయి. వాటిలో కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు సంపాదించాడు.

ప్రేక్షకులు కోపంతో కేకలు వేశారు. డబ్బు, పాయింట్లు పోయాయి. కాని ఆ 14 మంది డ్రైవర్లూ క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు. చక్రం మీద అనుమానం వచ్చినప్పుడు కారును ఆపడమే సరైన నిర్ణయం. ప్రపంచస్థాయి జట్లకు వర్తించిన ఈ సూత్రం సొంత షెడ్డులో కారు తయారుచేసుకునే ఔత్సాహికుడికీ, పత్తిబోరేలతో నిండిన ట్రాలీ తోలే రైతుకూ, బడికి సైకిలు మీద వచ్చే మీకూ వర్తిస్తుంది.

చేసి చూడండి

1. మీ సైకిలును తలకిందులుగా నిలపండి. ముందుచక్రాన్ని తిప్పి, రిమ్ముకు దగ్గరగా సుద్దముక్కను కదలకుండా పట్టుకోండి. రిమ్ము అంతటా సమానంగా గీత పడిందా, ఒకవైపే పడిందా? ఒకవైపే పడితే సైకిలుషాపులో బెండు తీయించాలి.

2. ఒక్కొక్క పుల్లను వేళ్ళతో నొక్కి చూడండి. వదులైన పుల్లలు ఎన్ని ఉన్నాయి? ఒక పుల్ల వదులైతే పక్క పుల్లల మీద ఏం జరుగుతుంది?

3. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను నిప్పులో ఎర్రగా కాల్చి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. ఎందుకు? మీ ఊళ్ళో ఈ పని చేసిన పెద్దవాళ్ళుంటే అడిగి తెలుసుకుని, మీ సైన్సు పాఠంతో సరిపోల్చండి.

4. రెండు చక్రాల బరువు సమానం. ఒకదానిలో బరువు అంచులో, రెండోదానిలో కుండ దగ్గర ఉంది. వాలు మీద వదిలితే ఏది ముందు చేరుతుంది? పైన చెప్పిన లెక్కతో కారణం రాయండి.